ఓడ దిగిన సీసా

బిరడా ఊడి రాలేదు, విరిగింది. సగం సీసా మెడలోనే ఇరుక్కుపోయింది, మిగతా సగం నా చేతిలో తడిసిన రొట్టెలా నలుగుతోంది, దీన్ని ముక్కు దగ్గర పెట్టుకోవాలా వద్దా అన్నది తేల్చుకోలేక వంటగట్టుకు ఆనుకుని నిలబడ్డాను. పెట్టుకుంటే వాసన వస్తుంది, రాకపోవడమన్నది లేదు, కాని ఆ వచ్చేది బిరడాలోంచి వస్తోందో నా తలలోంచి వస్తోందో చెప్పేవాళ్లెవరు? సీసాకు అంటించిన కాగితంలో పురుగులు తినగా మిగిలిన అక్షరాలను బట్టి ఇది పోర్ట్, తీపి వైన్. పోర్ట్ అంటే ఎండుద్రాక్ష, కాలిన పంచదార, పాత చెక్క అని ఎక్కడో విన్నాను. విన్నాను గనక ముక్కు పెట్టగానే ఆ మూడూ వరసగా వచ్చి నిలబడతాయి, పేరు పిలిస్తే పలికే పిల్లల్లా. పిలవకుండా వచ్చేది ఒక్కటైనా ఉంటే అప్పుడు నమ్ముతాను.

ఈ గొడవంతా మొన్నటి జ్వరంతో మొదలైంది. మొన్న అంటున్నాను గాని వానలు పడకముందు మాట. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, ఒళ్లు నొప్పులు తగ్గాయి, అన్నీ తగ్గి పోతూ పోతూ వాసనను చంకలో పెట్టుకుని పోయాయి. నాలుకకు తీపి తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది, పులుపూ చేదూ తెలుస్తాయి, అంతకుమించి ఏం తిన్నా తడిపిన కాగితమే. ఇంకొకరైతే కొన్నాళ్లు విసుక్కుని సరిపెట్టుకునేవాళ్లు. నాది సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసే ఉద్యోగం. కిటికీలు తెరవని తెల్లటి గది, అందులో నేను, ఒక బల్ల. ఉడికి గట్టిపడిన ప్రతి విడత సబ్బులోంచి ఒక ముక్క కోసి నా ముందు పెడతారు, దాని పక్కనే అసలు నమూనా. రెండూ ఒకటేనా కాదా చెప్పాలి, కాకపోతే తేడా ఏమిటో పేరు పెట్టి చెప్పాలి. తడి అట్టపెట్టె. కాలిన తీగ. మగ్గిపోయిన నిమ్మ. ఏదోలా ఉంది అంటే ఆ గదిలో కుదరదు, ఏదోలా అన్నదాన్ని సరిచేయడానికి ఏ డబ్బా మూత తిప్పాలో కింద కలిపేవాళ్లకు ఎలా తెలుస్తుంది? అందుకే నేను ప్రతిదానికీ పేరు పెట్టాను. వాళ్లు నాకు పెట్టిన పేరు ముక్కు. ముక్కు వచ్చిందా, ముక్కు టీ తాగిందా, ముక్కును ఒకసారి పైకి రమ్మను. ముక్కుసూటి మనిషి అని ఎవరినైనా అన్నా అందరూ నావైపు చూసి నవ్వేవాళ్లు. ఇప్పుడు ఫోన్లు చేసి ముక్కు ఎలా ఉంది అని అడుగుతుంటారు. నన్ను అడుగుతున్నారో దాన్ని అడుగుతున్నారో అర్థం కాక, బాగానే ఉంది అంటాను.

రేపు పొద్దున్న మేనేజరు ఎదుట కూర్చోవాలి. చెడ్డవాడు కాదు, చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది. "మీ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టాలని నాకు లేదమ్మా. అలాగని వాసన తెలియని మనిషిని కూర్చోబెట్టి సబ్బులు బయటికి పంపలేను కదా. ఒకసారి వచ్చి పట్టీలు చూడండి, తెలిస్తే సరే, తెలియకపోతే ప్యాకింగులో మంచి చోటు చూస్తాను" అన్నాడు. పట్టీలంటే అత్తరులో ముంచిన సన్నటి కాగితాలు. వాటిని ముంచింది నేను, సీసాల్లో వరసగా నిలబెట్టింది నేను, కొత్తగా చేరినవాళ్లను వాటితో ఏడిపించింది నేను. గులాబి పట్టీ పసుపు తిరిగిపోతుంది, నిమ్మ పట్టీ ఊరికే ఆరిపోతుంది, చందనం ఆరదు, జిడ్డుగా మెరుస్తుంది. కళ్లతోనే సగం చెప్పేయగలను. చెప్పేస్తానేమో, నాకే తెలియకుండా చెప్పేస్తానేమో అన్నదే నా భయం. దొంగతనం చేస్తున్నట్టు దొంగకే తెలియకపోతే దాన్నేమంటారు?

ఎందుకంటే మా ఆయనతో జరిగింది అదే. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, ఏ యంత్రమైనా రోజూ కాస్త ఆడిస్తే దారికి వస్తుందని నమ్మకం, అందుకని రోజూ పని నుంచి రాగానే చేతులు కడుక్కుని ఏదో ఒకటి తెచ్చి నా ముక్కు కింద పెట్టేవాడు. ఒకరోజు నారింజ ఒలిచాడు. తొక్క వంచగానే సన్నటి తుంపర లేవడం చూశాను, చూడగానే వాసన గుప్పుమంది. వచ్చింది, వచ్చింది అన్నాను, ఆయన మొహం ఎంత వెలిగిందో. అయితే కళ్లు మూసుకో అన్నాడు. మూసుకున్నాను. ఇప్పుడు చెప్పు అన్నాడు. నారింజే, ఇంకా బాగా వస్తోంది అన్నాను. కళ్లు తెరిచి చూస్తే నా ముక్కు ముందున్నది ఖాళీ చెయ్యి, నారింజ అవతల బల్ల మీద ఉంది. ఆయన నవ్వితే బాగుండేది. నవ్వకుండా ఆ పండును తొనలు తీసి నాకు సగం పెట్టి తను సగం తిన్నాడు, ఆ తర్వాత మళ్లీ ఏదీ తీసుకురాలేదు. అప్పటినుంచి ఏ వాసన వచ్చినా ముందు దాని ఊరూ పేరూ అడుగుతున్నాను. పొద్దున్నే టీ వాసన వస్తుంది. గిన్నె చూశావు గనక వచ్చింది అనుకుంటాను. చూడకముందే వచ్చిందేమో అనుకుంటాను. చప్పుడు విన్నావు కదా అనుకుంటాను. ఇలా ఎంతదూరమని?

మధ్యాహ్నం నేను అటక ఎక్కింది ఫ్యాక్టరీకి పట్టుకెళ్లే అన్నం డబ్బా కోసం. సెలవు పెట్టినప్పుడు విసుగులో దాన్ని పైకి విసిరేశాను, రేపు ఏ గదిలో కూర్చున్నా తినాలి కదా. డబ్బా దొరకలేదు. పాత పరుపు వెనక మామయ్య ఓడకోటు దొరికింది, నీలం రంగు మందపాటి ఉన్ని, దాని ఒక చెయ్యి మాత్రం కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. తడిమితే ఈ సీసా. మామయ్యను, అంటే మా ఆయన నాన్నను, నేను ఫొటోలో తప్ప చూడలేదు, నా పెళ్లికి ముందే పోయాడు. ఓడలో వంటవాడు. ఫొటోలో కూడా గరిటె పట్టుకునే ఉన్నాడు, సముద్రం వెనకాల ఎక్కడో మసకగా, గరిటె మాత్రం స్పష్టంగా. సీసా దించి దుమ్ము తుడిచాను. బిరడా మీద ఎర్రటి లక్క, గీత పడకుండా గట్టిగా ఉంది, కూరల కత్తితో గీకి, మా ఆయన స్క్రూడ్రైవరు గుచ్చి తిప్పాను, విరిగింది. ఎవరినీ అడగలేదు. రేపు వాసన పరీక్ష ఉన్న మనిషి ఈ రోజు మధ్యాహ్నం సారా సీసా ఎందుకు తెరిచిందంటే ఏం చెప్పను? మూత ఉన్నది కనిపిస్తే తెరిచి చూడ్డం నా ఉద్యోగం, చేతులకు ఇంకా సెలవని తెలియదు.

మిగిలిన బిరడాను లోపలికే తోసేసి టీ వడకట్టే జల్లెడలో పలచటి గుడ్డ పరిచి గాజు జగ్గులోకి వంపాను. అడుగున నల్లటి మడ్డి గుడ్డ మీద ఆగిపోయింది, కిందికి దిగినది ఎరుపు అనుకున్నాను, ఎరుపు కాదు, ఇటుకను నీళ్లలో నానబెడితే వచ్చే రంగు. జగ్గు మీదికి వంగాను. ఎండుద్రాక్ష, కాలిన పంచదార, పాత చెక్క. చెప్పాను కదా. ముగ్గురూ ఠంచనుగా హాజరు.

"ఏం చేస్తున్నావమ్మాయ్? ఇంట్లో చప్పుడు లేదంటే ఏదో కొంపమునిగే పనే అయ్యుంటుంది."

అత్తయ్య నిద్ర లేచింది. గోడ పట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తూ గుమ్మంలోకి వచ్చి, మోకాళ్ల కోసం ఒక్క క్షణం ఆగి, జగ్గు చూసి, "టింక్చరా అది? చెయ్యి కోసుకున్నావా?" అంది.

"కాదు అత్తయ్యా. అటక మీద దొరికింది. మామయ్యగారి కోటు చేతిలో ఉంది."

ఖాళీ సీసా అందుకుని కిటికీ వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, "ఇదా" అంది, ఏమీ కాని వస్తువును చూసినట్టు. "ఇది మేం తాగేశాం కదా."

"తాగేశారా? మూత ఇప్పుడే నేను తీశాను. లక్క కూడా అలాగే ఉంది, ఇదిగో."

ఎర్రటి లక్క పెంకులు గట్టు మీద చూసింది, వేలితో కదిపింది. "తాగాం అమ్మాయ్. మీ మామయ్య ఓడ దిగి ఇంక ఎక్కను అని వచ్చేసిన రోజు సాయంత్రం. మేడ మీద కూర్చున్నాం. చివరి రోజని కెప్టెను ఇచ్చాడంట, చంకలో పెట్టుకుని తెచ్చాడు. నేను ఒక్క గుక్క తాగి దగ్గాను, ఆయన ఒకటే నవ్వు. పక్కింటివాళ్లు తొంగి చూశారు కూడా."

"ఇలాంటిదే ఇంకోటి తెచ్చారేమో."

"ఇంకోటి తేవడానికి ఆయనేమన్నా ఓడకు యజమానా? గరిటె తిప్పుకునే మనిషి. ఒకటే ఇచ్చారు, ఒకటే తెచ్చాడు."

నేను స్టూలు లాగి వేశాను. కూర్చుని సీసాను ఒళ్లో పెట్టుకుంది. మామయ్య తనకు చెప్పిన సంగతి ఒకటి చెప్పింది, ద్రాక్షరసం పులుస్తూ ఉండగానే మధ్యలో సారా పోసి పులవడం ఆపేస్తారట, అందుకని అందులో తీపి తీపిగానే ఆగిపోతుందట, దేశాలు దాటినా ఏళ్లు గడిచినా చెడదట. ఎలా ఉండిందో గుర్తుందా అని అడిగాను. అడిగింది ఉద్యోగంలో అలవాటు కొద్దీ, లేకపోతే ఆశ కొద్దీ, రెండింటికీ తేడా నాకిప్పుడు తెలియడం లేదు.

"ఎందుకు లేదు? ఎండుద్రాక్ష బుగ్గన పెట్టుకుని అగ్గిపుల్ల గీసినట్టు ఉండింది" అంది.

మందు తాగే చిన్న గాజుగ్లాసులు రెండు తీసి పోశాను. అత్తయ్య వద్దనలేదు. ఒకసారి తాగినదాన్ని మళ్లీ తాగడానికి మొహమాటం ఏముంది అన్నట్టు అందుకుని, పెదవులు తడిపి, నోట్లో అటూ ఇటూ తిప్పి మింగింది. నేనూ మింగాను. తీపి, అది నాలుక చెప్పింది. మంట, అది గొంతు చెప్పింది. ఎండుద్రాక్ష, అది ఎవరు చెప్పారో, ఇప్పుడే అత్తయ్య చెప్పింది కదా, అంతకుముందు నేనూ అనుకున్నాను కదా, ఇన్ని సాక్ష్యాల మధ్య వైన్ చెప్పేదేమైనా ఉంటే అది ఎలా వినబడుతుంది? చేతిలో గ్లాసు వెచ్చబడుతోంది. కిటికీలోంచి పడ్డ ఎండ దానిలోంచి గట్టు మీదకి దిగి చిన్న గోధుమరంగు మరకలా కదులుతోంది, అది అందంగా ఉంది, అంతవరకు అనుమానం లేదు, కళ్లను ఇంకా నమ్మవచ్చు. కడుపులోకి వెచ్చగా దిగింది. భయం కొంచెం పక్కకు జరిగి కూర్చున్నట్టయింది, పూర్తిగా లేచి పోలేదు.

"ఇది కాదు" అంది అత్తయ్య.

"ఏది కాదు?"

"నేను తాగింది ఇది కాదు. అది వేరే. ఇది నేనెప్పుడూ ఎరగను." మళ్లీ ఒక గుక్క తాగింది, ఈసారి నెమ్మదిగా, కళ్లు చిన్నవి చేసి. "నాకు దగ్గు కూడా రాలేదు చూడు."

సీసా నిజం, లక్క నిజం. మేడ మీద సాయంత్రం కూడా ఆమెకు నిజమే, పక్కింటివాళ్లు తొంగి చూడ్డం దాకా నిజం. ఓడ దిగి వచ్చిన కొన్నాళ్లకే మామయ్య మంచాన పడ్డాడని మా ఆయన ఎప్పుడో చెప్పాడు, కడుపులో పుండు, ఘాటైనదేదీ ముట్టుకోవద్దన్నారు. తగ్గాక తాగుదాం, మేడ మీద కూర్చుని తాగుదాం, నువ్వు దగ్గుతావు, నేను నవ్వుతాను అని ఆయన మంచం మీద నుంచి అన్నాడేమో, ఈమె పక్కన కూర్చుని సరే అందేమో, అన్ని రోజులూ అదే అనుకుని అనుకుని ఆ సాయంత్రం దానంతటదే జరిగిపోయిందేమో. కోటు చేతిలోకి దాన్ని దూర్చింది ఎవరు? ఆయనా, ఈమేనా? అడగగలను, కాని ఆమె ఏం చెప్పినా అది జరిగినదో అనుకున్నదో నాకు తెలిసే దారి లేదు, ఆమెకూ లేదు. ఖాళీ చెయ్యి వాసన చూసి నారింజ అన్నదాన్ని నేను. నేనెవరిని, ఆమె సాయంత్రాన్ని కాదనడానికి?

"అయితే ఆ రోజు మేం ఏం తాగాం?" అంది, నన్ను కాదు, ఒళ్లో సీసాను అడుగుతున్నట్టు. "ఆయన నవ్వాడు. నవ్వు మాత్రం నిజం అమ్మాయ్. అట్లాంటి నవ్వు నేను కల్పించలేను, నాకంత తెలివి లేదు." సీసా మీది కాగితాన్ని గోటితో గీకుతూ, "నవ్వింది ఇంకెప్పుడైనా అయ్యుంటుంది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించానేమో" అంది. ఆ మాట ఏడుపులా అనలేదు. చిరిగిన చీరకు వేసిన మాసిక ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు అంది. తర్వాత గ్లాసు నా వైపు జరిపి, "ఇంకొంచెం పొయ్యి" అంది.

పోశాను. నేనూ పోసుకున్నాను. ఈసారి వాసన చూడలేదు, పేర్లు పిలవలేదు, రేపటి పట్టీల గురించి, మేనేజరు మంచితనం గురించి, ప్యాకింగులో దొరికే మంచి చోటు గురించి ఆలోచిస్తూ, అక్కడ అట్టపెట్టెలు మడిచేవాళ్లు పాటలు పాడుకుంటారు, అదేమంత పాడు చోటు కాదు, అనుకుంటూ ఊరికే మింగేశాను. తీపి వచ్చింది, మంట వచ్చింది, రెండూ పోయాయి. పోయాక నోరు ఖాళీ అయ్యాక, ఊపిరి బయటికి వదులుతుంటే, లోపలినుంచి వెనక్కి తిరిగి ఒకటి వచ్చింది. ఎండుద్రాక్ష కాదు. చెక్క కాదు. కాస్త చల్లగా ఉంది, కాస్త పాతగా ఉంది, వాన వెలిసిన తర్వాత రాయి అందామనుకున్నాను, కాదు, పుస్తకం అట్ట, కాదు, ఆరిన దీపం వత్తి, అదీ కాదు. పేర్లన్నీ దానికి తొడిగి చూశాను, ఏ చొక్కా పట్టలేదు. ఆగు, కంగారు పడకు, ఇది ఎప్పుడూ ఎరగనిది, ఎరగనిదాన్ని తల ఎక్కడినుంచి తెస్తుంది, గుర్తు తెచ్చుకోవడానికి ముందు ఒకసారి తెలిసి ఉండాలి కదా. అలా అనుకుని ఒక్క క్షణం సంతోషపడ్డానో లేదో, ఎదురుగా స్టూలు మీద అత్తయ్య. ఎప్పుడూ తాగనిదాని రుచి అగ్గిపుల్లతో సహా గుర్తుంచుకున్న మనిషి. ఆమె తల తేగలిగినప్పుడు నా తల ఎందుకు తేలేదు? మళ్లీ మొదటికి వచ్చాను. ఆ వచ్చింది అప్పటికే పలచబడిపోతోంది, పట్టుకుందామంటే చెయ్యి లేదు.

అడగకూడదు అనుకున్నాను. అడిగితే నా మాట ఆమె నోట్లో పడుతుంది, ఆమె మాట నా ముక్కులో పడుతుంది, ఇక ఎవరిది ఎవరిదో దేవుడికి కూడా తెలియదు. గ్లాసు అడుగు చూస్తూ కూర్చున్నాను. వీధిలో ఎవరో బండి ఆపి స్టార్టు చేసి మళ్లీ ఆపారు. కుళాయి చుక్క రాలింది.

"అమ్మాయ్," అంది అత్తయ్య, గొంతు మీద చెయ్యి పెట్టుకుని, నన్ను చూడకుండా. "ఇది ముందు ఏమీ ఉండదు. తీపే. మింగేశాక, అంతా అయిపోయింది అనుకున్నాక, ఊపిరితోపాటు వెనక్కి ఒకటి వస్తోంది. చల్లగా. నీకూ వస్తోందా, నాకేనా?"

నేనింకా ఏమీ చెప్పలేదు. ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పానేమో అని వెనక్కి వెళ్లి వెతుక్కున్నాను, పెదవులు కదిపానా, పైకి అనేశానా, లేదు, మూసిన నోరు మూసినట్టే ఉంది. చల్లగా అన్నది ఆమె మాట. వెనక్కి అన్నది ఆమె మాట. రేపు మేనేజరుకు చెప్పాలి, నాకు తెలిసిన పట్టీలు వద్దండీ, ఆ గదిలోకి ఇంతవరకు రానిది ఏదైనా తెచ్చి పెట్టండి, నాకూ ఇంకొకరికీ విడివిడిగా ఇచ్చి విడివిడిగా అడగండి, నేను పేరు చెప్పలేకపోవచ్చు, ఇద్దరం ఒకే చోట తడబడ్డామో లేదో చూడండి చాలు. ఒప్పుకుంటాడో లేదో. ఒప్పుకోకపోతే ప్యాకింగు. ఒప్పుకున్నా ఒక్కటి వచ్చినంత మాత్రాన మిగతావన్నీ వస్తాయని ఎవరు చెప్పారు? ఇదే ఆఖరిదేమో. ఇదే మొదటిదేమో. మొహం వేడెక్కింది, అది వైనో ఏడుపో తెలియడం లేదు, ఇంకొంచెం మింగి, ఊపిరి వదిలి, ఆగాను. వచ్చింది. ఆమె చెప్పినట్టే, ఆలస్యంగా, ఎవరూ పిలవకుండా.

"నాకూ వస్తోంది అత్తయ్యా."

"ఏంటమ్మా అది?"

ఆ తెల్లటి గదిలో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనని మాట నోట్లోకి వచ్చింది. "తెలీదు అత్తయ్యా."

అత్తయ్య ఒళ్లో సీసాను తీసి కింద పెట్టి, గ్లాసు నా ముందుకు చాపింది.

"అయితే తెలిసేదాకా పొయ్యమ్మాయ్."